పాట అడుగున ఉరుము

బల్ల మీది టీ గ్లాసు దానంతట అదే కదిలింది.

జిలాన్ బాషా ఉలిక్కిపడ్డాడు. గుంతకల్లు స్టేషన్ బజారులో ఏళ్ల తరబడి టేపురికార్డర్లు బాగుచేస్తున్నాడు గాని, పాటకు గ్లాసు కదలడం ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే అతికించిన జపాన్ క్యాసెట్టు తిరుగుతోంది. ఎవరో అమ్మాయి తియ్యగా పాడుతోంది. ఆ పాట అడుగున ఒక లావు తంతి దుమ్ దుమ్ అంటూ నడుస్తోంది.

"ఏమప్పా ఈ మోత!" అంటూ బాషా తగ్గించబోయాడు.

"తగ్గించొద్దన్నా. నేను వినేది దాన్నే," అన్నాడు క్యాసెట్టు తెచ్చిన మనిషి.

పేరు యేసన్న అన్నాడు. ఎండిన కందికట్టెలా ఉన్నాడు. మాట మాటకూ దగ్గు.

"జపాన్‌లో ఏం పని చేస్తాంటివి?"

"వాయించేటోళ్లతో ఉంటి."

వాళ్ల పెట్టెలు మోసేవాడు కాబోలు అనుకున్నాడు బాషా. ఆ వేళ్ల కొసల కాయలు చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు.

"ఇంకోచోట గూడా నలిగిండాది. పెట్టిపో, అతికిస్తా."

"భద్రం అన్నా. నాకుండేది ఇదొక్కటే."

ఆ పోయిన మనిషి నెలైనా రాలేదు.

ఆ ఏడు వానలూ రాలేదు. వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. పక్కూరి భజన గుంపు పెద్ద తిప్పయ్య, మనుషుల్ని వెంటబెట్టుకుని, హార్మోనియం మోసుకుంటూ అంగడికి వచ్చాడు.

"వానకోసరం విరాటపర్వం పాడాల సాబూ. మావోళ్లు సగం మంది సాయంత్రం బండికి బెంగుళూరు పోతాండారు, కూలికి. పోయేలోపల టేపు చేసియ్యి. దినామూ మైకులో వేసుకుంటాం."

కరువులో అధికమాసం. అంగట్లో ఒక్క ఖాళీ క్యాసెట్టు లేదు.

బాషా చూపు జపాన్ క్యాసెట్టు మీద పడింది. గట్టి టేపు. అయినా ఆ భాష ఈ ఊళ్లో ఎవడికి తెలుసు? ఆ మనిషి ఇక వస్తాడా?

దానిమీదే విరాటపర్వం ఎక్కించాడు.

మూడోనాడు యేసన్న వచ్చాడు. ఆస్పత్రిలో ఉన్నాడట.

"నా క్యాసెట్టు అన్నా?"

"మిషన్లో చిక్కుకుని పాడైపాయ. పారేసినా," అన్నాడు బాషా, తల ఎత్తకుండా.

యేసన్న తల ఊపి గుమ్మం దిగిపోయాడు. తిట్టలేదు. తిట్టివుంటే బాషాకు అన్నం సహించేది.

వారం తిరక్కుండానే తిప్పయ్య క్యాసెట్టు పట్టుకుని పరుగున వచ్చాడు.

"దీంట్లో ఉరుము పెట్టినావేంది సాబూ? మైకు వేస్తే చాలు, ఊరు ఊరంతా బయటికొచ్చి ఆకాశం చూస్తాండారు!"

బాషా క్యాసెట్టు వేసి చెవి ఆనించాడు. ద్రౌపది ఏడుపు కింద, హార్మోనియం కింద, ఎక్కడో దూరంగా దుమ్... దుమ్.

పాత పాటను చెరిపే హెడ్డు అరిగిపోయి ఉంది. సన్న శబ్దాలన్నీ పోయాయి. ఆ అమ్మాయి పోయింది. లావు తంతి మాత్రం పోలేదు.

బాషా మీట నొక్కి టేపు ఆపేశాడు.

"నిన్న ఎవురో బక్కాయన, దోవన పోతా ఆగిపోయినాడు. మైకు కట్టిన స్తంభం పట్టుకుని చివరిదాకా ఇన్యాడు. కండ్లెంబడి నీళ్లు. పిచ్చోడని పిల్లోళ్లు రాళ్లేసినా కదల్లే," అన్నాడు తిప్పయ్య. పొరుగూరివాళ్లకు నకలు తీయమని క్యాసెట్టు అక్కడే పెట్టి వెళ్లాడు.

ఆ సాయంత్రమే యేసన్న అంగడి ముందు నిలబడ్డాడు. బాషా క్యాసెట్టును సొరుగులోకి తోశాడు.

"మీ వానపాట ఇన్యానన్నా."

"ఊఁ."

"బాగుండాది. దాన్ని చెరపొద్దు."

అంతే. దగ్గుకుంటూ పోయాడు. బతికిపోయాను, వీడికేమీ తెలియలేదు అనుకున్నాడు బాషా.

వాన రాలేదు. ఉరుము మాత్రం బాషాను వదల్లేదు. నమాజుకు వంగితే నేల కింద వినిపించేది. అన్నం ముందు కూర్చుంటే కంచం అడుగున వినిపించేది.

నకలు తీయడానికి క్యాసెట్టు ముట్టుకోవాలంటేనే బాషాకు చెయ్యి రాలేదు.

ఒకరోజు పొద్దున్నే రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక ముసలామె వచ్చింది.

"నా పేరు బయమ్మ. యేసన్న నా తమ్ముడు. నిన్న మట్టి చేసినాం."

బాషా స్టూలు మీద కూలబడ్డాడు.

"వాని క్యాసెట్టు నీ కాడ ఉండాదంట. ఒకపారి ఇనిపించప్పా."

"అది... అది చెరిపేసినానమ్మా. వానికి అబద్ధం జెప్పినా. దాంట్లో ఇప్పుడు విరాటపర్వం ఉండాది."

"వానికి తెలుసు. 'అడుగున ఉండాదిలే అక్కా, చెరపొద్దని చెప్పొచ్చినా' అన్యాడు. వెయ్యి."

బాషా క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు.

విరాటపర్వం మొదలైంది. బల్ల మీది గ్లాసు సన్నగా కదిలింది. వీధిలో నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు తలలెత్తి ఆకాశం చూశారు.

"ఉరిమింది!" అంది ఎవరో.

బయమ్మ అరచెయ్యి స్పీకరు మీద ఆనించి కళ్లు మూసుకుంది.

"సచ్చేదాకా మంచం పట్టెమీద ఇట్లనే కొడతాండె," అంది. "ఉరుము కాదప్పా ఇది. జపాన్‌లో వాళ్ల పాటకి తంతి మీటిన మా తమ్ముని వేళ్లు."