ఇనుప మోత

స్వరం వెంట వేరే మోత వస్తూ, పియానోలో లోపం లేకపోతే, గదిలో ఏదో వస్తువు ఆ స్వరానికి అదిరి మోగుతోందన్నమాట. ఒకరు పియానో మెట్టు నొక్కుతుంటే మరొకరు ఒక్కో వస్తువు మీదా చెయ్యి వేయాలి. చెయ్యి పడగానే మోత ఆగితే దొంగ దొరికినట్టే. పియానోలు బాగుచేసే ముసలాయన పద్ధతి అది.

ఆ రాత్రి కూతురు మెట్టు నొక్కుతోంది. వెంట సన్నటి ఇనుప మోత. ఆయన దీపం మీద చెయ్యి వేశాడు, కిటికీ అద్దం మీద వేశాడు, గడియారం మీద వేశాడు. మోత ఆగలేదు.

“ఇంక నేనే మిగిలాను నాన్నా. నన్నూ పట్టి చూడు,” అని కూతురు నవ్వింది.

పోయినసారి ఈ మోత వచ్చినప్పుడు భార్య కూడా ఇలాగే వేళాకోళమాడింది. ఆమె భుజం మీద చెయ్యి వేయగానే మోత ఆగింది. నెల తిరక్కుండానే ఆమె పోయింది.

“కానీయ్ నాన్నా, వేలు నొప్పెడుతోంది.”

ఆయన కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. మోత తెగిపోయింది. స్వరం ఒక్కటే శుభ్రంగా పలికింది.

“దొరికిందా?”

“లేదమ్మా. నొక్కుతూనే ఉండు,” అన్నాడు, చెయ్యి తియ్యకుండా.