వాచిన మడమ

జిమ్నాస్టిక్స్ పోటీలో బీమ్ ఎక్కబోయే ముందు, పదేళ్ల పిల్ల వాచిన మడమ చూపించింది. కోచ్ దానిమీద గట్టిగా టేపు చుట్టాడు.

“ఆ ఏడుపుగొట్టు మొహం తుడుచుకో. జడ్జీలు దానికి కూడా మార్కులు కోస్తారు.”

పక్క జట్టు కోచమ్మ ఉండబట్టలేక, “పసిపిల్లండీ, ఈసారికి తప్పించండి,” అంది.

“మీలా ముద్దు చేస్తే, మీలాగే పక్కవాళ్లకి చప్పట్లు కొడుతూ కూర్చోవాలి,” అని వెటకారంగా నవ్వాడాయన. పిల్లల్ని గాడిదలని పిలవడమే క్రమశిక్షణ అనుకునే మహానుభావుడు.

నాలుగంగుళాల వెడల్పు బీమ్ మీద ఆ పిల్ల ఒక్క తప్పటడుగు వేయలేదు. చివరి పల్టీ కొట్టి, పళ్లు బిగబట్టి నిలబడింది. బంగారు పతకం దానికే వచ్చింది.

“చూశారా నా శిక్షణ!” కోచ్ ఛాతీ విరుచుకున్నాడు.

కోచమ్మ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “అంత నొప్పితో ఎలా చేశావు తల్లీ?”

“బంగారు పతకం తెస్తే ఈ ఆట మానిపించేస్తానని అమ్మ మాటిచ్చింది ఆంటీ.”

పిల్ల మెడలోని పతకం తీసి కోచ్ చేతిలో పెట్టింది.

“ఇది మీరే ఉంచుకోండి సార్. రేపట్నుంచి నేను రాను.”

కుంటుకుంటూనే, దాదాపు పరుగెత్తుతూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.