తెల్ల మరకలు

“ఉత్త బూడిద సాలదే! ఆ తెల్ల మరకలు కనవడ్తలేవా, కండ్లు మూసుకపోయినయా?” గడప బయటినుంచే అరిచింది దొరసాని రుక్కమ్మ.

స్నానాల తొట్టిలో గొంతుక్కూర్చుని తోముతున్న రాహేలమ్మ తలెత్తలేదు.

“కనవడ్తున్నయి దొరసానీ.”

“తహసీల్దారు భార్య వికారాబాద్ నుంచి వచ్చి రైలు దిగెటాల్లకు తొట్టి అద్దం లెక్క ఉండాలె. లేకుంటే రేపటి సంది నా ఇంట్ల అడుగు పెట్టకు. మీ కొంపల్ల మట్టి గోలెం తప్ప గిసొంటి తొట్టి ఎవలన్న చూసిన్రా?”

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రుక్కమ్మ సంగతిలో మాత్రం ఊరు మంచిది కాబట్టి ఆ నోరు చెల్లుతోంది. పట్నంలో ఏ నవాబు ఇంట్లోనో స్నానాల తొట్టి చూసి వచ్చిందట. అంతే, పోయిన చలికాలం దొర చేత తాండూరు బండతో ఈ తొట్టి కట్టించింది. మనిషి కాళ్లు చాపుకొని పడుకోవచ్చు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు తొట్టి చూపిస్తుంది.

తోమడం రాహేలమ్మ వంతు. కడిగే నీళ్లు మాత్రం పైనుంచి వేరే కులం పనిమనిషి భాగమ్మే పోయాలి. రాహేలమ్మ చేయి తగిలిన తొట్టి పనికొస్తుంది గానీ, చేయి తగిలిన నీళ్లు పనికిరావు!

రుక్కమ్మ లోపలికి పోగానే రాహేలమ్మ బూడిద, కుంకుడు రసం పక్కకు నెట్టేసింది. ఇంటినుంచి తెచ్చుకున్న ముంత ముందుకు లాగింది. నిండా ఉప్పు కలిపి నానబెట్టిన చింతపండు. దాంట్లో నిమ్మకాయలు పిండింది.

నీళ్ల బిందెతో వచ్చిన భాగమ్మ అదిరిపడింది.

“అక్కా, పిచ్చి లేసిందా? బండకు పులుపు పెడ్తరా? మెరుపంత పోతది. బండలు కొట్టిన నీ పెనిమిటి దేవప్ప బావనే చెప్తుండె గద!”

“చెప్తుండె. మరువలే.”

“మరి?”

“మరకలు పోవాలన్నది గద దొరసాని. గది తొట్టి కట్టినప్పుడు మెత్తిన సున్నం. పులుపుకు తప్ప దేనికి లొంగది.”

“మెరుపు పోతే నీ పని పోతదే!”

“పోనియ్.”

భాగమ్మ బిందె దించి దగ్గరికొచ్చింది. “ఈస్టర్ నాడు సమాధుల కాడికి పోయొచ్చిన సంది నీ మొఖం గిట్లనే మాడి ఉన్నది. బావ పోయి రెండేండ్లాయె. ఇంక ఎవల మీద అక్కా గీ కోపం?”

ఆ మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాహేలమ్మ పీచును చింతపండు గుజ్జులో ముంచి రుద్దింది. సున్నం బుసబుస పొంగింది. వేళ్ల సందుల్లో పులుపు దిగి మండుతున్నా ఆపలేదు. బండ గాట్లలో పీచుకు రాని సున్నాన్ని వెదురు పుల్లతో గీకింది. అంత కసిగా తొట్టి తోమడం భాగమ్మ ఎన్నడూ చూడలేదు. బిందె ఎత్తి నీళ్లు పోసింది.

కాసేపటికి రుక్కమ్మ వచ్చి గడప దగ్గరినుంచే తొంగి చూసింది. తెల్ల మరక ఒక్కటీ లేదు.

“తిడితే గాని చెయ్యరు మీరు!” అని సంబరంగా అతిథిని పిలుచుకొచ్చింది. పని అయిపోయినా రాహేలమ్మ ఇంటికి పోలేదు. గడప అవతల గోడకు ఆనుకుని నిలబడింది.

“చూడున్రి, అడుగున ఒక్కటే బండ! అతుకన్నది లేదు. మా దొర ఏడికెల్లి తెప్పిచ్చిండో గని!” అంది రుక్కమ్మ.

తహసీల్దారు భార్య ఆంధ్ర వైపు మనిషి, చదువుకున్నది. తొట్టి మీదికి వంగి చూసింది.

“చాలా బాగుందండీ. అడుగున పేరు కూడా చెక్కించారే!”

“పేరా? ఏం పేరు?” రుక్కమ్మ తెల్లబోయింది.

“దేవప్ప అని ఉంది. ఎవరండీ, ఈ తొట్టి చెక్కిన మనిషా?”

రాహేలమ్మ పులుపుకు పొక్కిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడప దాటి లోపలికి వచ్చింది.

“కాదమ్మా, గది ఆయన సమాధి మీది బండ.”