మొదలుపెట్టిందెవరు

సేబర్ కత్తిసాములో ఇద్దరి కత్తులూ ఒకేసారి ఎదుటివాళ్లకి తగిలితే, దాడి ముందుగా మొదలుపెట్టినవాళ్లకే పాయింటు. కాకినాడ మృదుల ఆ ఒక్క సూత్రాన్ని నమ్ముకుని ఆరుసార్లు ఆసియా ఛాంపియన్ అయింది.

ఆ ముందూ వెనకా తేల్చే యంత్రం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గోడకి ఉంది. మొగుడూ పెళ్లాల గొడవ ఎవరు మొదలుపెట్టారో చెబుతుంది. కాకపోతే ఇంట్లో మొదలుపెట్టినవాళ్లదే తప్పు. నెలలో ఇరవై తప్పులైతే వెంటనే వారం రోజులు ఓర్పు శిబిరానికి పోవాలి. మృదులకి పంతొమ్మిదయ్యాయి. రేపటి నుంచి ఆమె శిష్యురాళ్లకి జాతీయ పోటీలు.

అందుకే పొద్దుటి నుంచి ఆమె నోరు విప్పలేదు.

భర్త వంశీధర్ పెసరట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పెయ్యడం మర్చిపోయావా, నా మీద కోపమా?"

మృదుల పచ్చడి గిన్నె అతని ముందుకి జరిపింది.

"ఆ జరపడంలోనే తెలుస్తోందిలే."

"నేనేమన్నానండీ?" అంది మెల్లగా.

"గొడవ. మొదలుపెట్టింది వంశీధర్," అంది గోడ మీది యంత్రం.

పాయింటు రాగానే ప్రత్యర్థి మొహం మీదికి అరవడం మృదులకి ఇరవై ఏళ్ల అలవాటు. కుర్చీలోంచి లేచి, పిడికిలి బిగించి, వంశీధర్ మొహం మీద గావుకేక పెట్టింది.

"రెండో గొడవ," అంది యంత్రం. "మొదలుపెట్టింది మృదుల."