ఒక్క ఇంటికే లైసెన్సు

"నేను కాపీ కొట్టియ్యమంటలేను తారిక్. నా బిడ్డ పాట నా టీవీల రావాలె, గంతే," అంది కమల, రిమోట్‌ను మంచం మీదికి విసిరేసి.

నల్లటి తెర మధ్య తాళం బొమ్మ అలాగే ఉంది.

శాలిబండలోని ఆ పాత ఇంటి వాకిలిని చీలుస్తూ ఈమధ్యే నిలువెత్తు గోడ లేచింది. టీవీ రికార్డింగులున్న పెద్ద సెట్‌టాప్ బాక్సు అవతలి వాటాలో, తోడికోడలు నీలమ్మ దగ్గర ఉండిపోయింది. కమల కూతురు శ్రీహిత టీవీ పోటీలో పాడిన పాట అందులోనే ఉంది. ఆ ఛానెల్ మూతబడింది. పాట ఇంకెక్కడా దొరకదు.

"నేనేం చేస్త అక్కా," అన్నాడు కేబుల్ పని చేసే తారిక్. "ఎవరూ కాపీ కొట్టకుండ కంపెనీవాళ్లు తాళం పెట్టిన్రు. లైసెన్సు ఒక్క ఇంటికే. ఇంట్ల ఎన్ని టీవీలున్నా ఆడుతది. కనెక్షన్ వేరైతే మాత్రం పక్కింటోళ్లు అనుకుంటది."

"పక్కిల్లా? ఒక్కటే దర్వాజ, ఒక్కటే బోరు. నడుమ నాలుగు ఇటుకలు పేరిస్తే రెండిళ్లయితయా? ఏ తెలివితక్కువోడు చేసిండు ఆ తాళం?"

"అది ఇటుకలు చూడదక్కా. కనెక్షన్ చూస్తది."

"సాయంత్రం యాకుత్‌పురా నుంచి మా అన్నావదినెలు వస్తున్రు, పిల్ల పాట చూస్తమని. ఏం చూపియ్యాలె వాళ్లకు? ఈ తాళం బొమ్మనా?"

గోడ అవతలి నుంచి నీలమ్మ గొంతు వినిపించింది. "అందర్ని ఈడికే తీస్కరా కమలా. చాయ్ నేను పెడ్త."

"అవసరం లేదక్కా. నా బిడ్డ పాట చూడనీకి నేను ఇంకొకల గడప తొక్కాల్నా?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు అయింది.

తారిక్ వాకిట్లోకి పోయి, స్టూలెక్కి, గోడ మీదుగా పోయే వైరు చూశాడు. ఇవతలి వైపు నున్నటి ప్లాస్టరింగు, దాని మీద గులాబీ రంగు. అవతలి వైపు ఉత్త ఇటుకలు, సందుల్లోంచి కారి ఎండిపోయిన సిమెంటు. కిందికి దిగాడు.

"ఇగ వేరే తొవ్వ లేదా?" వెనకే వచ్చిన కమల గట్టిగా అడిగింది.

"ఉంది. కనెక్షన్ వేరు చేయించినోళ్లే కంపెనీకి ఫోన్ చెయ్యాలె. మాది ఒక్కటే ఇల్లు, మళ్ల కలుపున్రి అని చెప్పాలె. వేరేటోళ్లు చెప్తే వినరు."

కమల గోడ వైపు తిరిగింది. కోపంతో ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి.

తారిక్ నంబరు కలిపాడు. ఒక్క క్షణం తటపటాయించి, ఫోను కమల చేతిలో పెట్టాడు.

గోడ కట్టించిందీ, కనెక్షన్ వేరు చేయించిందీ ఆమే.