చెలికత్తెల తోట

ఉదయపూర్‌లో రాణీగారి చెలికత్తెల తోటలో చప్పట్లు కొడితే ఫౌంటెన్ లేస్తుంది.

"నువ్వు మనసుపడ్డ గుమాన్‌ని తలుచుకుని కొట్టవే. నీకు రాసిపెట్టి ఉంటే నీళ్లు లేస్తాయి," అంది హంసా. తోటమాలి కూతురు, దానికి తెలీదా అనుకున్నాను.

కొట్టాను. చుక్క రాలేదు.

"వాడు నీవాడు కాదే, వదిలెయ్," అని నా కళ్లు తుడిచింది. వదిలేశాను. ఆర్నెల్లకు అతన్ని హంసే పెళ్లి చేసుకుంది. పెళ్లిలో దాని చేతులకు గోరింటాకు పెట్టింది నేనే.

పదేళ్ల తర్వాత, నిన్న మళ్లీ ఇద్దరం అదే ఫౌంటెన్ దగ్గర నిలబడ్డాం. "ఇప్పుడు కొట్టవే, చూద్దాం," అని నవ్వింది.

చేతులెత్తాను. పొదల చాటు నుంచి ఒక ముసలాయన తల బయటపెట్టాడు.

"హంసా బాయీ, ఇవాళ కుళాయి తిప్పనా? ఆ రోజులాగే వద్దంటావా?"