మూడేళ్ళ జడ్జిగారు

ఆఫీసు గుమ్మంలో ముడతల చొక్కా వేసుకున్న ఒకాయన, ఇస్త్రీపెట్టె కాలికి తగిలి పడబోయాడు.

గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇస్త్రీపెట్టె అది. ఎప్పటినుంచి అక్కడుందో ఎవరికీ పట్టలేదు.

"ఇది మా..." అనబోయాడాయన.

"చూసుకుని రండి," అన్నాడు తమ్ముడు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

తమ్ముడంటే కంపెనీ యజమానురాలి తమ్ముడు. ఇంట్లో సామాను పాడైతే పట్టుకెళ్ళి, బాగుచేసి తెచ్చిచ్చే కంపెనీ. ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే చాలు. అక్క ఉన్న ఉద్యోగం మానేసి మరీ పెట్టింది. సాఫ్ట్‌వేరంతా తమ్ముడి చేతిలో పెట్టింది.

"మీ తమ్ముడికి దువ్వెన కొనడానికే వారం పడుతుంది," అని బావ మొత్తుకున్నా వినలేదు.

బావ మాటలో అబద్ధమేమీ లేదు. నాలుగింటితో పోల్చి చూడనిదే తమ్ముడు దేన్నీ ముట్టడు. ప్రస్తుతం "గద్ద"నీ "పిచ్చుక"నీ పోలుస్తున్నాడు.

రెండూ ఎవరో పుణ్యాత్ములు రాసి, ఊరికే పంచిపెట్టిన సాధనాలు. ప్రోగ్రాము ముక్కలన్నీ కూర్చి సాఫ్ట్‌వేరు తయారుచేస్తాయి. ఆ తర్వాత డేటాబేసు ఎంత బరువు మోస్తుందో చూడటానికి ఉత్తుత్తి కస్టమర్లను పుట్టించి అందులో నింపుతాయి. పుట్టినవాడి పేరూ, వయసూ, ఉద్యోగమూ, ఏ సామాను అందుకున్నాడన్నదీ అన్నీ వాటి ఇష్టం.

గద్దకి జోరెక్కువ, కానీ తిన్న కంచం తియ్యదు. పిచ్చుక నిదానం, కానీ పని కాగానే ఉత్తుత్తివాళ్ళ మీదుండే గుర్తు చూసి ఒక్కొక్కర్నీ ఏరి ఊడ్చేస్తుంది. ఆఫీసులో చేదోడుగా ఉండే బావ గద్ద పక్షం. ఇంతకాలం నడిచింది గద్ద రాజ్యమే.

మధ్యాహ్నం పెట్టుబడి పెట్టే పెద్దమనిషి వస్తున్నాడు. తమకు లక్షమంది కస్టమర్లున్నారని అక్క ఆయనకి చెప్పింది. ఆయన నమ్మితే కంపెనీ నిలబడుతుంది. లేకపోతే నెలాఖరుకి తాళమే.

"బాబూ, నా ఇస్త్రీపెట్టె బాగుచేయమని ఇచ్చాను. అందినట్టు ఫోన్‌లో వచ్చింది గానీ, నాకు అందలేదు. తీసుకున్నది ఎవరో జడ్జిగారట."

"అయితే ఆయన్నే అడగండి."

"అడుగుదామనే అనుకున్నాను. ఆయన వయసు మూడేళ్ళని రాసుంది."

తమ్ముడి వేళ్ళు ఆగిపోయాయి.

మూడేళ్ళ జడ్జి! పొద్దున గద్ద పుట్టించిన శాల్తీ. పరీక్ష డేటాబేసులో ఉండే ఆ జడ్జి సంగతి తనకూ బావకూ తప్ప మూడో మనిషికి తెలియదు. అంటే ఈయన్ని పంపింది బావే. గద్దని తీసేస్తానన్నందుకు ఉడుక్కుని ఆటపట్టిస్తున్నాడు!

"మీ ఇల్లెక్కడండీ?" అన్నాడు తమ్ముడు తీయగా.

"ఒకటో వీధి, ఒకటో నంబరు."

తమ్ముడు పకపకా నవ్వాడు. "అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి. మా బావ ఇంతకంటే మంచి చిరునామా చెప్పి పంపలేకపోయాడా?"

"ఎవరి బావ, బాబూ?"

"అబ్బో, నటన బాగుంది. మీలాంటివాళ్ళని పొద్దున్నుంచి వేలకొద్దీ పుట్టిస్తున్నానండీ నేను. మీరు ఉత్తుత్తి మనిషి."

ఆయన తన చేతులూ భుజాలూ ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"సరే, నేను లేననే అనుకోండి. నా ఇస్త్రీపెట్టె అయినా ఉందా?"

"దారి అటు."

ఆయనకి కోపం రాలేదు. కళ్ళజోడు సర్దుకుని ఫోన్‌లో ఏదో నొక్కాడు.

"మీకు శ్రమెందుకు, నా పేరు నేనే తీసేసుకున్నాను. ఎవరో అమ్మాయి సొంతంగా పెట్టుకుంది, నిలదొక్కుకోవాలని చేరాను. మా వీధివాళ్ళందర్నీ కూడా చేర్పిద్దామనుకున్నాను. వస్తాను బాబూ."

గుమ్మం దగ్గర వంగి ఇస్త్రీపెట్టెను చూశాడు. ఏదో అనబోయి, మానేసి, దాన్ని జాగ్రత్తగా దాటుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడు హుషారుగా తీర్పు రాసేశాడు. పిచ్చుకే గెలిచింది. ఆ ఊపులో గద్ద మిగిల్చిన చెత్తంతా ఊడ్చెయ్యమని పిచ్చుకకే పురమాయించాడు.

మధ్యాహ్నం పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. అక్క నవ్వుతూ తెర ఆయనవైపు తిప్పింది.

కస్టమర్లు: సున్న.

"అందరూ భోజనానికి వెళ్ళారా అమ్మా?" అన్నాడాయన.

తమ్ముడు గబగబా సెట్టింగులు తెరిచాడు. పరీక్షలు చేయాల్సింది నకలు డేటాబేసు మీద. అక్కడ రాసుంది మాత్రం అసలు దాని పేరు. రాసింది తనే, కంపెనీ తెరిచిన కొత్తలో. గద్ద పుట్టించిన ప్రతివాడూ కస్టమర్ల లెక్కలో చేరుతూ వచ్చాడు. లెక్క పెరిగిందని అక్క కేకులు కోస్తూ వచ్చింది.

"బావా, పొద్దున ముడతల చొక్కా ఆయన్ని పంపింది నువ్వే కదూ?" అన్నాడు ఆఖరి ఆశతో.

"ఎవర్ని?" అన్నాడు బావ. ఆ ముఖం చూస్తే నాటకమాడుతున్నట్టు లేదు.

"ఉత్తుత్తి గుర్తున్నవాళ్ళే కదరా పోయేది!" అక్క తెరని తనవైపు లాక్కుంది. "నిజం మనుషులు ఉండాలిగా! కనీసం మొదటిరోజు చేరినాయనైనా ఉండాలి. ఇస్త్రీపెట్టె ఇచ్చాడే, ఒకటో వీధి ఆయన."

తమ్ముడు గుమ్మంవైపు చూశాడు. ఇస్త్రీపెట్టె తలుపుని పట్టుకుని బుద్ధిగా కూర్చునుంది.

లక్షమందిలో తల్లి కడుపున పుట్టినవాడు ఆయనొక్కడే.